యానాం వీధిలో వేరుశనగ ఓట్లు

నా చిన్నప్పుడు ప్రతి తగవులోనూ ఎక్కడో ఒక లెక్క దాగి ఉంటుందని, దాన్ని పట్టుకుంటే తగవు దానంతట అదే తీరిపోతుందని గట్టిగా నమ్మేదాన్ని. ఆ నమ్మకంలో సగం ఇప్పటికీ పోలేదు. దుబాయ్ ఇన్వెస్ట్‌మెంట్స్ పార్కులో అల్యూమినియం కిటికీలు చేసే ఒక ఫ్యాక్టరీలో ఎస్టిమేషన్ పని నాది. ఇంజనీరింగ్ చదవలేదు. పెళ్లయి షార్జా వచ్చాక ఫైళ్లు సర్దే ఉద్యోగంలో చేరి, పక్క టేబుల్ మీద జరిగే లెక్కలు చూస్తూ నేర్చుకున్నాను. పొడవాటి కడ్డీలోంచి ఎన్ని ముక్కలు వస్తాయి, చివర ఎంత తరుగు పోతుంది, కోసేటప్పుడు రంపం తినేసే మందం ఎంత, అన్నీ చూసుకుని అంకె వేస్తాను. నేను వేసిన అంకె కింద మా ముదీర్, అంటే మా మేనేజరు, రెండోసారి చూడకుండా సంతకం పెడతాడు. అయితే దేనికి అంకె వేయాలో, దేనికి వేయకూడదో నాకు నేర్పింది ఈ ఫ్యాక్టరీ కాదు. యానాంలో మా సైగాన్ మామ్మ.

యానాం తెలియని వాళ్లకు ముందు కొంచెం చెప్పాలి. చుట్టూ ఆంధ్ర, మధ్యలో గోదావరి ఒడ్డున చిన్న ముక్క మా ఊరు. ఆ ముక్కను రెండు వందల ఏళ్లకు పైగా ఫ్రెంచివాళ్లు ఏలారు. దేశమంతటికీ స్వాతంత్ర్యం వచ్చిన తర్వాత కూడా మా ఊళ్లో ఇంకొన్నేళ్లు వాళ్ల జెండానే ఎగిరింది. మా పెద్దవాళ్ల వయసులో ఊరి పొలిమేర దాటితే వేరే రాజ్యం, వేరే పోలీసులు, వేరే చట్టం. అటువైపు పన్నుల భారం పడ్డ విదేశీ సరుకు ఇటు మంగళవారం సంతలో చవగ్గా దొరికేది. అటువైపు బాల్యవివాహాలు నిషేధించాక, పెళ్లి బృందాలు పిల్లల్ని పడవల్లో ఎక్కించుకుని ఇటు వచ్చి, తాళి కట్టించుకుని పోయేవి. బళ్లో ఫ్రెంచి పాఠం, ఇంట్లో గోదావరి తెలుగు. కొందరు కుర్రాళ్లు ఫ్రెంచి సైన్యంలో చేరి సముద్రాలు దాటారు. కొందరు ఫ్రెంచివాళ్లు పోవాలని జెండాలు పట్టుకుని పొలిమేర అవతలి నుంచి నడిచి వచ్చారు. ఒక్కోసారి ఈ రెండు రకాల వాళ్లూ ఒకే ఇంట్లో ఉండేవారు.

మా ఇంట్లో అదే జరిగింది. మా తాతయ్య జెండా పట్టుకుని నడిచి వచ్చిన మనిషి. మా మామ్మ తమ్ముడు సైన్యంలో చేరి, అప్పట్లో ఫ్రెంచివాళ్ల చేతిలోనే ఉన్న వియత్నాం వెళ్లిన మనిషి. మేం ఆయన్ను అక్కడి నగరం పేరుతో సైగాన్ తాతయ్య అనేవాళ్లం. ఆయన అక్కడే పెళ్లి చేసుకుని, ఆ దేశపు అమ్మాయితో తిరిగి వచ్చాడు. ఆమే మా సైగాన్ మామ్మ. ఫ్రెంచి జెండా దిగిన కొన్నేళ్లకు యానాం కాగితాల మీద కూడా మన దేశంలో కలిసినప్పుడు, ఇష్టమైన వాళ్లు ఫ్రెంచి పౌరులుగానే ఉండవచ్చని గడువు ఇచ్చారు. సైగాన్ తాతయ్య అలాగే ఉండిపోయాడు. ఆ రోజు మా తాతయ్య ఆయన్ను నలుగురిలో ద్రోహి అన్నాడట. అప్పటి నుంచి బావకీ బావమరిదికీ మాటల్లేవు. రెండిళ్లూ ఒకే వీధిలో ఉన్నా మా తాతయ్య ఆ అరుగు ముందు నుంచి వెళ్లేటప్పుడు ఎదురు వరుస ఇళ్లను చూస్తూ నడిచేవాడు.

ఈ మౌనంతో ఊరికి అలవాటైపోయింది. మామ్మకు మాత్రం అలవాటు కాలేదు. ఆ ఏడు మా చిన్నత్తయ్య పెళ్లి శ్రావణంలో కుదిరింది. మా వైపు పెళ్లిలో గౌరీపూజ అయ్యాక పెళ్లికూతుర్ని వెదురు గంపలో కూర్చోబెట్టి మేనమామ ఎత్తుకుని మంటపానికి తీసుకురావాలి. చిన్నత్తయ్యకు సొంత మేనమామ ఒక్కడే. ఆయన మాటల్లేని సైగాన్ తాతయ్య.

మామ్మ తమ్ముడి దగ్గరికి వెళ్లి అడిగింది. "బావ వచ్చి నేను ద్రోహిని కాదని చెప్పమను, గంపేం ఖర్మ, పందిరి కూడా నేనే మోస్తాను" అన్నాడట. ఇంటికి వచ్చి తాతయ్యకు చెబితే, "వాడు ఆ పతకాలు పెట్టెలో పెట్టి రమ్మను, అప్పుడు చూద్దాం" అన్నాడు. ఏటా జూలై పద్నాలుగున, అది ఫ్రెంచివాళ్ల జాతీయ పండుగ, సైగాన్ తాతయ్య కోటు తొడుక్కుని, సైన్యంలో ఇచ్చిన పతకాలు గుండెల మీద తగిలించుకుని అరుగు మీద కూర్చునేవాడు. మా తాతయ్యకు ఆ పతకాలు కంట్లో నలుసులు. చిన్నత్తయ్య వడ్లు దంపే కొట్టులో మూలన ఉన్న కొత్త గంపకు పసుపు రాస్తూ, "దీంట్లో కూర్చునే యోగం ఉందో లేదోనే" అని నాతో మాత్రం అంది. నాకప్పుడు పదేళ్లు. నేనైతే ఊరుకోలేకపోయాను.

నా ఆలోచన చాలా సూటిగా ఉండేది. ఫ్రెంచివాళ్లు పోవడం మంచిదైతే మా తాతయ్య గెలిచినట్టు. కాకపోతే సైగాన్ తాతయ్య గెలిచినట్టు. ఓడిన వాళ్లు గెలిచిన వాళ్ల గుమ్మం ఎక్కాలి. ఎవరు గెలిచారో తేల్చడానికి వీధి మొత్తాన్ని అడిగితే సరి. రెండు పాలపొడి డబ్బాలు తీసుకుని ఒకదాని మీద 'పోవడమే మంచిది' అని, రెండోదాని మీద 'ఉంటే బాగుండేది' అని రాసి అంటించాను. ఓటు చీటీలకు కాగితం లేదు కాబట్టి ఒళ్లో వేరుశనగ గింజలు పోసుకున్నాను. మనిషికి ఒక గింజ. ఆ రోజు జూలై పద్నాలుగు, పైగా ఆదివారం. మనుషులంతా ఇళ్లలోనే ఉంటారని ఆ రోజునే ఎంచుకున్నాను. ఇప్పుడు ఆలోచించినా, పదేళ్ల పిల్లకు అది మంచి ఏర్పాటే.

మొదటి కొన్ని ఇళ్లలో పని చకచకా సాగింది. తర్వాత చిక్కులు మొదలయ్యాయి. చేపలమ్మే పెద్దమ్మ గింజ తీసుకుని రెండు డబ్బాల కేసీ చూసి, "ఆళ్లున్నప్పుడూ చేపలే అమ్మేను, ఆళ్లెల్లేకా చేపలే అమ్ముతన్నాను. గోదారి ఎల్లిపోలేదు గదే" అంటూ గింజను నా ఒళ్లోనే పడేసింది. ఒకప్పుడు మంగళవారం సంతలో పెద్ద బట్టల కొట్టు నడిపిన శెట్టిగారు ఒక గింజ 'ఉంటే బాగుండేది'లో వేసి, చెయ్యి చాపి ఇంకొకటి తీసుకుని 'పోవడమే మంచిది'లో వేశారు. మనిషికి ఒకటే అని నేను గట్టిగా చెప్పాను. "ఒకటి నా కొట్టుకి. ఒకటి మా తమ్ముడి వీపుకి" అన్నారాయన. ఆ తమ్ముణ్ణి జెండా పట్టుకున్నందుకు ఫ్రెంచి పోలీసులు కొట్టిన సంగతి ఊరందరికీ తెలుసు. పంతులుగారి తండ్రి ఆ రోజుల్లో పొలిమేర దాటి వచ్చిన చిన్నపిల్లల పెళ్లిళ్లు చాలా చేయించారు. ఆ దక్షిణలతోనే వాళ్లకు పెంకుటిల్లు వచ్చింది. పంతులుగారి తల్లి కూడా అలా పడవలో వచ్చి, తన పెళ్లిలోనే నిద్రపోయిన పిల్ల. పంతులుగారు గింజను అటూ ఇటూ తిప్పి చూసి, నోట్లో వేసుకుని, "ఉప్పు తక్కువైందే" అని లోపలికి వెళ్లిపోయారు.

వీధి చివరికి వచ్చేసరికి రెండు డబ్బాల్లోనూ గింజలు సరిసమానంగా ఉన్నాయి. మిగిలింది సైగాన్ తాతయ్య ఇల్లు. ఆయన అరుగు మీద కోటుతో, పతకాలతో కూర్చుని ఉన్నాడు. ఆయన ఓటు, మా తాతయ్య ఓటు ఒకదాన్ని ఒకటి కొట్టేస్తాయి కాబట్టి వాటిని లెక్కలోంచి ముందే తీసేశాను. ఇక తేల్చేది సైగాన్ మామ్మ ఓటే.

సైగాన్ మామ్మ తెలుగు నేర్చుకున్నది అత్తగారి దగ్గర, చేపల బజారులో. అందుకని ఆమె మాట మా మామ్మ మాట కంటే పచ్చి గోదావరి మాట. పెరట్లో చేట పట్టుకుని బియ్యం చెరుగుతోంది. "ఏమే పిల్లా, ఆ డబ్బాలేంటే? అడుక్కోడానికి బయల్దేరేవా?" అంది. నేను సంగతంతా చెప్పాను. గంప సంగతి, ద్రోహి సంగతి, గింజలు సమానంగా వచ్చిన సంగతి, ఆమె గింజ ఎందులో పడితే అటువైపు గెలుస్తారన్న సంగతి.

ఆమె నవ్వుతుందనుకున్నాను. నవ్వలేదు. చేట కింద పెట్టి గింజ తీసుకుని అరచేతిలో పెట్టుకుని కూర్చుంది. అప్పుడు చెప్పింది, ఎప్పుడూ ఎవరూ నాకు చెప్పని సంగతి. వాళ్ల దేశాన్ని కూడా ఫ్రెంచివాళ్లే ఏలారు. వాళ్ల నాన్న ఒక ఫ్రెంచి దొర రబ్బరు తోటలో చెట్లకు గాట్లు పెట్టి పాలు తీసే కూలి. పొద్దు పొడవకముందే వెళ్లేవాడు, ఆలస్యమైతే దెబ్బలు. వాళ్ల అన్న అది చూడలేక అడవిలోకి వెళ్లి, ఫ్రెంచివాళ్ల మీద తుపాకీ పట్టిన వాళ్లలో కలిశాడు. అదే ఏడాది ఫ్రెంచి తుపాకీ భుజాన వేసుకుని యానాం కుర్రాడొకడు వాళ్ల ఊరి కాపలాకు వచ్చాడు. వాళ్లమ్మ జ్వరంతో పడి ఉంటే సైన్యం డాక్టరును బతిమాలి మందు తెచ్చి ఇచ్చింది ఆ కుర్రాడే.

"మా అన్న రాత్రిళ్లు దొంగచాటుగా అన్నానికి వచ్చేవోడు. ఈయన పగలు మంచినీళ్లకొచ్చేవోడు. ఇద్దరికీ ఒక్క కుండలో నీళ్లే ఇచ్చేను. అన్న మరింక రాలేదు. ఈయనతో నేనొచ్చేసేను." ఆమె అరచెయ్యి నా ముందుకు చాపింది. "ఆళ్లు మా దేశం రాకపోతే మా నాన్న ఈపు బాగుండేది, మా అన్న బతికుండేవోడు. ఆళ్లు రాకపోతే నువ్వు నన్ను మామ్మా అని పిలిచేదానివి కాదు. ఇప్పుడు చెప్పవే, ఏ డబ్బాలో వెయ్యమంటావు?"

నేను ఒక డబ్బా ముందుకు చాపి, వెనక్కి తీసుకుని, రెండోది చాపాను.

అప్పుడామె నేను ఊహించని పని చేసింది. రెండు డబ్బాలూ నా చేతుల్లోంచి లాక్కుని, గింజలన్నీ చేటలో కుమ్మరించి, పైన తన గింజ కూడా వేసి, రెండుసార్లు ఎగరేసి చెరిగింది. పొద్దంతా నేను పడిన కష్టం కళ్ల ముందే కలిసిపోయింది. నేను గొల్లుమన్నాను. "ఏడవకు. ఏది ఎవరిదో ఏరుకో" అని చేట నా ముందు పెట్టింది. ఏరబోయాను కూడా. శెట్టిగారి కొట్టు గింజ ఏదో, తమ్ముడి వీపు గింజ ఏదో ఎలా తెలుస్తుంది?

తర్వాత ఆమె ఆ గింజల్ని వేయించి, పొట్టు ఊది, బెల్లం పాకం పట్టి ఉండలు చుట్టింది. నేను ముక్కు తుడుచుకుంటూ పొయ్యి దగ్గర కూర్చున్నాను. పళ్లెంలో పెట్టి పైన విస్తరాకు కప్పి, నన్ను చెయ్యి పట్టుకుని వీధిలోకి నడిపించింది. అరుగు మీది నుంచి సైగాన్ తాతయ్య, "ఎక్కడికి?" అన్నాడు. "మీ అక్కగారింటికి. మీరు పతకాలు తుడుచుకోండి" అని వెనక్కి చూడకుండా నడిచింది.

అన్నేళ్లలో ఆమె మా గడప తొక్కడం నేను చూడలేదు. మా మామ్మ వంటింట్లోంచి పరుగున వచ్చి గుమ్మంలోనే ఆగిపోయింది. తాతయ్య వాలుకుర్చీలో పేపరు చదువుతున్నాడు. సైగాన్ మామ్మ పళ్లెం ఆయన ముందు పీట మీద పెట్టింది.

"అన్నయ్యగారూ, మీ మనవరాలు ఈదంతా తిరిగి తీర్పట్టుకొచ్చింది. ఆళ్లు పోడమే మంచిదన్నోళ్ల గింజలు మీరు తినండి. ఉంటే బాగుణ్ణనుకున్నోళ్లయి ఏరి మీ బావమరిదికి పంపండి."

తాతయ్య నావైపు చూశాడు, పళ్లెం వైపు చూశాడు. "పాకంలో వేసేశాక ఏరడం ఎలా కుదురుతుందమ్మా?" అన్నాడు.

"మరి నన్నెలా ఏరేరు? మా అన్న మీలాగే ఆళ్లు పోవాలన్నాడు. ఆ మాట మీదే పోయేడు. ఇన్నేళ్లూ నన్నూ ఆ పక్క డబ్బాలోనే వేసేసేరు గదా."

మా తాతయ్య పట్టుదల మనిషే గానీ అన్యాయం మనిషి కాదు. పేపరు కిందికి దించి, "నీకో అన్న ఉన్నాడని నాకెవరూ చెప్పలేదు" అన్నాడు. "ఎవరడిగేరని" అంది ఆమె. తాతయ్య పేపరు మడిచి, "చూడమ్మా, ఫ్రెంచివాళ్లు పోవడమే న్యాయం. చచ్చేదాకా ఆ మాటే అంటాను" అన్నాడు. "అనండి. కాదన్నానా? నేనడిగేది అది కాదు. గంపెవరెత్తాలి?"

"మేనమామ."

"మేనమామ ఎవరు?"

తాతయ్య ఒక ఉండ తీసుకున్నాడు. కొరికి, నెమ్మదిగా నమిలి, "వాడే" అన్నాడు. మామ్మ కొంగు నోట్లో కుక్కుకుని వంటింట్లోకి వెళ్లిపోయింది. చిన్నత్తయ్య తలుపు వెనక నుంచి నా జడ పట్టుకుని లాగింది, ఎందుకో నాకు తెలియలేదు, బహుశా ఏదో ఒకటి గట్టిగా పట్టుకోవాలనిపించి ఉంటుంది.

మర్నాడు పొద్దున్నే తాతయ్య, మామ్మ కుంకుమ భరిణె పట్టుకుని ఆ అరుగు ఎక్కారు. అక్కడ ఏం మాట్లాడుకున్నారో నేను వినలేదు. ద్రోహి అన్న మాట వెనక్కి తీసుకున్నారా అని పెద్దయ్యాక మామ్మను అడిగితే, "ఆ మాట ఊసే రాలేదు. కాఫీలో పంచదార ఎక్కువైందని దెబ్బలాడుకున్నారు" అంది.

పెళ్లినాడు సైగాన్ తాతయ్య కోటుతో, పతకాలతోనే వచ్చాడు. పందిట్లో అందరి చూపూ తాతయ్య మీదే. గంప ఒక పక్క ఆయన, రెండో పక్క మేనమామ వరసైన ఇంకొకాయన పట్టి లేపారు. లేపగానే పతకాల సూదులు అత్తయ్య పట్టుచీరకు తగలబోయాయి. మా తాతయ్య ఒక్క అంగలో ముందుకు వచ్చి, ఆ పతకాలన్నిటినీ గుప్పిట్లోకి తీసుకుని చీరకు దూరంగా పట్టుకున్నాడు. తీసెయ్యమనలేదు. అలాగే పట్టుకుని, బావమరిది పక్కన అడుగులో అడుగు వేస్తూ మంటపం దాకా నడిచాడు. "మెల్లిగారా, పడేస్తావు" అన్నాడు. "నువ్వు నా కోటు వదిలితే పడెయ్యను బావా" అన్నాడు సైగాన్ తాతయ్య. గంపలో అత్తయ్య తలొంచుకుని నవ్వుతోందో ఏడుస్తోందో తెలియలేదు.

ఆ తర్వాత కూడా ఇద్దరూ ఫ్రెంచివాళ్ల గురించి వాదించుకుంటూనే ఉన్నారు, ఈసారి ఒకే అరుగు మీద కూర్చుని. ఎవరూ గెలవలేదు. గెలవాల్సిన అవసరమూ రాలేదు.

నేను ఇన్నేళ్లుగా అంకెలతోనే బతుకుతున్నాను, అంకెలంటే నాకు గౌరవం పెరిగిందే గానీ తగ్గలేదు. కడ్డీ పొడవు తేల్చడానికి వాదన అక్కర్లేదు, కొలత చాలు. గంప ఎవరెత్తాలన్నదీ అలాంటి ప్రశ్నే. దానికి ఒక్కటే జవాబు, ఓట్లు అక్కర్లేదు. రెండు వందల ఏళ్ల పాలన మంచిదా చెడ్డదా అన్నది మాత్రం ఏ డబ్బాలోనూ పట్టదు. ఈ రెండు ప్రశ్నల్ని మావాళ్లు ఒకదానికి ఒకటి కట్టేశారు. సైగాన్ మామ్మ ముడి విప్పింది. అందుకే ఎవరైనా ఒక దేశం గురించి, ఒక జాతి గురించి నన్ను తీర్పు చెప్పమంటే నేను ముందు ఎంతమంది అని అడగను. ఎవరెవరు అని అడుగుతాను.

మా ఫ్యాక్టరీలో కోవిడ్ తర్వాత చేరిన గార్డు ఒకతను ఉన్నాడు. ఆఫ్రికాలో కామెరూన్ వాళ్లది. అది కూడా ఒకప్పుడు చాలాభాగం ఫ్రెంచివాళ్ల కింద ఉన్న దేశమే. మొన్నామధ్య సాయంత్రం మేం షార్జా వ్యాను ఎక్కుతుంటే, నాది ఫ్రెంచివాళ్లు ఏలిన ఊరని ఎవరో చెప్పినట్టున్నారు, గేటు దగ్గర నన్ను ఆపి, "సిస్టర్, మీ దగ్గర వాళ్లు మంచివాళ్లా, చెడ్డవాళ్లా?" అని ఇంగ్లీషులో అడిగాడు. మా వ్యాను డ్రైవరు జగిత్యాల కుర్రాడు. వాడికి తొందర. "అక్కా, మంచోళ్లో చెడ్డోళ్లో గాయినకు ఒక్క ముక్కల చెప్పి ఖలాస్ చెయ్యరాదే. యల్లా, పోదం పా, ట్రాఫిక్ మొదలైతది" అని హారన్ కొట్టాడు.

నేను బ్యాగు సీటు మీద పెట్టి కిందికి దిగాను. "మీ ఇంట్లో అప్పుడు ఎవరెవరు ఉండేవారు?" అని గార్డును అడిగాను. అతను వాళ్ల తాతతో మొదలుపెట్టాడు. ఆయన్ను పొలం లోంచి పట్టుకుపోయి రోడ్డు పనిలో పెట్టారట. నాయనమ్మ మాత్రం ఫ్రెంచి క్రైస్తవ సన్యాసినుల ఆసుపత్రిలో పని నేర్చుకుని ఊళ్లో పిల్లలందరికీ పురుడు పోసేదట. డ్రైవరు కుర్రాడు ఎప్పుడు ఇంజన్ ఆపాడో, ఎప్పుడు దిగి మా పక్కన నిలబడ్డాడో నేను చూడలేదు. ఇంతలో గార్డు డ్యూటీ మారే వేళ అయి, వాళ్ల సూపర్‌వైజరు పిలిస్తే కథ మధ్యలోనే వెళ్లిపోయాడు.

ఆ సాయంత్రం దారిలో ఉన్న ట్రాఫిక్ అంతా మాకే తగిలింది. వ్యానులో వెనకవాళ్లు నన్ను బాగానే తిట్టుకున్నారు. డ్రైవరు కుర్రాడు మాత్రం సిగ్నల్ దగ్గర ఆగినప్పుడల్లా వెనక్కి తిరిగి, "అక్కా, గా తాత రోడ్డు పనికెళ్లి మల్ల ఇంటికొచ్చిండా, రాలేదా?" అని అడుగుతూనే ఉన్నాడు.